ఊళ్ల వంశాలు అడిగిన లూయిస్ దీవి మనిషి

1810ల్లో గుంటూరు సీమ పల్లెల్లోకి ఒక కొత్త రకం సర్కారు మనుషులు రావడం మొదలైంది. శిస్తు బకాయి ఊసెత్తలేదు, వెట్టికి మనుషుల్ని పంపమనలేదు. ఊరు ఎవరు కట్టారు, కరణీకం ఏ ఇంటివారిది, ఆ ఇంటివారు ఎక్కడి నుంచి వచ్చారు, గుడి మాన్యం ఏ రాజు ఇచ్చాడు, ధ్వజస్తంభం పక్కనున్న రాతి మీద ఏం చెక్కి ఉంది అని అడిగారు. కరణాలకు అనుమానం వచ్చిందంటే వింత లేదు. ఇవాళ మాన్యం పుట్టుపూర్వోత్తరాలు అడిగినవాడు రేపు ఆ మాన్యాన్నే ఊడలాగడని ఏమిటి నమ్మకం? అయినా చాలామంది చెప్పారు. కొందరు అటక మీది దండకవిలెలు దించి నకళ్లు రాయించారు. అలా పోగుపడ్డవే మన గ్రామ కైఫియత్తులు.

ఆ మనుషుల్ని పంపినవాడు కాలిన్ మెకంజీ. చరిత్ర పుస్తకాల్లో ‘కల్నల్ మెకంజీ దొర’. పల్నాడు, కొండవీడు, వినుకొండ సీమల వంశావళులు ఇంత ఓపికగా రాయించిన ఈ మనిషి సొంత వంశం మాటేమిటి? ఆయనా వలస వచ్చినవాడే. ముప్ఫై ఏళ్ల ప్రాయంలో ఇల్లు వదిలాడు. మళ్లీ పుట్టినూరి గడప తొక్కలేదు.

స్కాట్లాండుకు వాయవ్యంగా అట్లాంటిక్ సముద్రంలో లూయిస్ అనే దీవి ఉంది. దాని రేవు పట్నం స్టోర్నవే. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, చేపల వ్యాపారం ప్రధానం. కాలిన్ మెకంజీ పుట్టింది అక్కడే. ఏ సంవత్సరం అంటే మాత్రం కొన్ని పుస్తకాలు 1753 అంటాయి, కొన్ని 1754 అంటాయి. తండ్రి మర్డాక్ మెకంజీ ఆ ఊళ్లో వర్తకుడు, అక్కడి తొలి పోస్టుమాస్టరు కూడా.

పుట్టిన ఏడే తేలకపోవడం ఆ కాలపు స్కాట్లాండులో అరుదేమీ కాదు. అక్కడ జననమరణాల్ని ప్రభుత్వం తప్పనిసరిగా నమోదు చేయడం 1855 జనవరి 1 నుంచి. అంతకుముందు ఏదున్నా చర్చి పుస్తకాల్లోనే. పాదిరి శ్రద్ధ ఎంతో పుస్తకం అంత. పైగా 1783లో బ్రిటిష్ పార్లమెంటు చర్చి పుస్తకంలో రాసే ప్రతి పేరుకూ మూడు పెన్నీల పన్ను వేసింది. పెళ్లి రాయించాలన్నా పన్నే, బిడ్డ పేరు రాయించాలన్నా పన్నే. ఆ పన్ను ఎత్తేసేదాకా, అంటే 1794 వరకు, పేరు రాయించకుండా ఊరుకున్నవారు కొల్లలు. అందుకే ఇవాళ స్కాట్లాండు వంశాలు వెతికేవారికి ఆ పదకొండేళ్లూ గతుకుల బాట. పన్ను వచ్చిన 1783లోనే మెకంజీ మద్రాసులో దిగాడు.

అయినా స్కాట్లాండు వంశాలు వెతకడానికి రెండు ఊతాలున్నాయి. ఒకటి పేర్లు పెట్టే తీరు. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ ఆ దేశంలో గట్టిది. మనవడికి తాత పేరు పెట్టుకునే పల్నాటి ఇళ్లవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండోది, పెళ్లయినా ఆడమనిషి పుట్టింటి పేరు దస్తావేజుల్లో నిలిచే ఉండేది. మన దగ్గర పెళ్లితోనే ఇంటిపేరు మారిపోతుంది. నాలుగు తరాలు వెనక్కి పోతే ముత్తవ్వ ఏ ఇంటి ఆడపడుచో చెప్పగలిగే కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టాలి.

చిక్కల్లా మెకంజీ అనే ఇంటిపేరుతోనే. అది ఒక కుటుంబానిది కాదు, ఒక తెగది. తెగ పెద్దలు సీఫోర్త్ ప్రభువులు. వారి భూముల్లో బతికిన కౌలుదార్లు, కొలువుకాళ్లు ఎందరో ఆ పేరే పెట్టుకున్నారు. కాబట్టి స్టోర్నవేలో ఇద్దరు మెకంజీలు కనబడితే చుట్టాలని తేల్చేయడానికి లేదు. కెనడాలో ఒక మహానదికి పేరిచ్చిన అలెగ్జాండర్ మెకంజీ కూడా స్టోర్నవే వాడే. 1789లో ఆ నది వెంట ఆర్కిటిక్ దాకా, 1793లో కొండలు దాటి పసిఫిక్ దాకా వెళ్లిన మనిషి. ఒక చిన్న రేవు ఊరి నుంచి ఒకడు పడమరకు, ఒకడు తూర్పుకు పోయి ఇద్దరూ పటాల మీదికెక్కారు. అంతదూరం ఎందుకు, మన గుంటూరు సీమ చరిత్ర చదివేవారికే ఇంకో మెకంజీ ఎదురవుతాడు. 1883లో కృష్ణా జిల్లా మాన్యువల్ రాసిన గోర్డన్ మెకంజీ. కైఫియత్తుల మెకంజీ వేరు, మాన్యువల్ మెకంజీ వేరు. ఇద్దర్నీ ఒకరిగా కలిపేస్తే అరవై ఏళ్ల తేడా మింగుడుపడదు.

ఇంకో విశేషం. లూయిస్ దీవికి మెకంజీలు పూర్వకాలపు సొంతదార్లు కారు. అది మెక్లియోడ్ల దీవి. 1610లో మెకంజీలు దాన్ని వశం చేసుకున్నారు. ఆ దీవికే ఎవరైనా కైఫియత్తు రాసి ఉంటే, పూర్వం ఫలానా వారిది, పిమ్మట ఫలానా వారు వచ్చి ఆక్రమించారు అన్న మన పల్లెల ధోరణిలోనే నడిచేది.

సీఫోర్తుల అండ ఉండటంతో కాలిన్‌కు స్టోర్నవే కస్టమ్స్ కార్యాలయంలో కొలువు దొరికింది. ఓడల సరుకుకు సుంకం లెక్కలు చూసే పని. ఆ లెక్కల మనిషి చరిత్ర వైపు ఎలా మళ్లాడన్నది ఆసక్తికరమైన కథ. చెప్పినవాడు సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్. 1832లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఆయనిచ్చిన వాంగ్మూలంలో ఉంది. నేపియర్ ప్రభువు అనే స్కాట్లాండు దొర తన పూర్వీకుడి జీవితచరిత్ర రాయబూనాడు. ఆ పూర్వీకుడు 1614లో లాగరిథమ్స్ ప్రకటించిన జాన్ నేపియర్. గణితంలో హిందువులకు ఎంత తెలుసో ఆరా తీయడానికి కుర్రవాడైన మెకంజీని సాయం పెట్టుకున్నాడు. ప్రభువు పోయాడు, పుస్తకం నిలిచిపోయింది. కుర్రవాడు కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. ఆ ప్రభువు కూతురు హెస్టర్ అప్పటికి మధురలో (నేటి మదురైలో) కాపురం ఉంటోంది. జాన్‌స్టన్ ఆమె కొడుకే. ఆమె మెకంజీని మధురకు పిలిపించి పండితులతో మాట కలిపించింది.

జాన్‌స్టన్ చెప్పింది తల్లి గొప్ప, తాత గొప్ప కలిసిన కథే కాబట్టి కొంత తరుగు తీయాలి. ఎంత తీసినా ఒకటి మిగులుతుంది. మన ఊళ్ల చరిత్రలు కాగితానికెక్కడం వెనుక ఎక్కడో ఒక స్కాట్లాండు కుటుంబం తన తాతముత్తాతల మీద పెంచుకున్న మురిపెం ఉంది.

మెకంజీ ఇంజనీరుగా చేసిన తొలి సర్వేల్లో కొన్ని నెల్లూరు, ఒంగోలు, గుంటూరు సీమల్లోనే జరిగాయి. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. పల్నాడు అప్పటికింకా ఆర్కాటు నవాబుదే. 1801లో గాని కంపెనీకి దక్కలేదు. గొలుసు, దుర్భిణి పట్టుకుని తిరిగే ఈ దొరకు చదువు చెప్పినవాడు ఏలూరివాడు, కావలి వెంకట బొర్రయ్య. 1776లో పుట్టాడు. తెలుగు, సంస్కృతంతో పాటు పారసీ, ఇంగ్లీషు చదివినవాడు. 1803లో, ముప్ఫై నిండకుండానే పోయాడు. భారతీయ విద్యల వాకిలి తనకు మొదట తెరిచింది ఈ బ్రాహ్మణ యువకుడేనని మెకంజీ 1817లో జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. బొర్రయ్య తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశాడు. ఊళ్లు తిరిగిన నారాయణరావు, ఆనందరావు, నిట్టల నాయన వంటి వారు పంపే కాగితాలు లక్ష్మయ్య చేతికి చేరేవి.

మెకంజీ అడుగుజాడ నేటి పల్నాడు జిల్లాలో కంటికి కనబడే చోటు అమరావతి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తూ దిబ్బ తవ్వించగా చెక్కిన రాళ్లు బయటపడ్డాయని విని 1797లో మెకంజీ అక్కడికొచ్చాడు. మళ్లీ వచ్చింది 1816లో. అప్పటికి భారతదేశానికంతా మొదటి సర్వేయర్ జనరల్. సర్వేయర్లతో, చిత్రకారులతో స్తూపానికి ప్లాను గీయించాడు, శిల్పాలకు బొమ్మలు వేయించాడు. అప్పుడు బొమ్మకెక్కిన రాళ్లలో కొన్ని తర్వాత మాయమయ్యాయి; వాటికి ఆ గీతలే దిక్కు. 1845లో అక్కడ మళ్లీ తవ్వించిన వాల్టర్ ఇలియట్ కూడా స్కాట్లాండువాడే. ఆ రాళ్లు మద్రాసులో ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో ఓడెక్కి లండను చేరాయి.

కైఫియత్తుల్లోకి వస్తే, చదివినవారికి ఒక సంగతి త్వరగానే తట్టుతుంది. గుంటూరు సీమలో ఊరు మారినా కథ మొదలయ్యే తీరు పెద్దగా మారదు. గణపతిదేవ మహారాజు కాలంలో ప్రధాని గోపరాజు రామన్న నియోగులకు కరణీకపు మిరాశీలు పంచాడు, రక్తాక్షి సంవత్సరం, సూర్యగ్రహణం నాడు. అందులో ఫలానా ఊరు ఫలానా ఇంటివారికి వచ్చింది. అక్కడి నుంచి ఆ ఇంటి తరాలు. ఇచ్చిన తేదీ క్రీస్తుశకం 1145 ప్రాంతానికి వస్తుంది. కాకతీయ గణపతిదేవుడు సింహాసనమెక్కిందేమో 1199లో. రాజు పుట్టకముందే దానం జరిగిపోయిందన్నమాట!

దీన్ని చూసి కరణాలంతా కలిసి కట్టుకథ అల్లారనుకోవడం తొందరపాటు. ఊరి లెక్క రాసే హక్కు తమ ఇంటిదేనని ప్రతి కొత్త సర్కారు ముందూ రుజువు చేసుకోవలసిన కుటుంబాలు అవి. కాకతీయులు పోయి రెడ్లు, రెడ్లు పోయి గజపతులు, ఆపై రాయలు, గోలకొండ, మొగలాయి, నిజాం, చివరికి కంపెనీ. ఇన్నిసార్లు యజమాని మారితే పాత కాగితం పాతదిగా కనబడటం అవసరం. కరణం ఇంట వంశావళి తరతరాలు నిలిచిందంటే అది ఉద్యోగానికి ఆధారం కాబట్టి. తగవు లేని ఇంట తాత పేరు మూడో తరానికి జారిపోతుంది. మెకంజీకి సమాధానం చెప్పగలిగిన వారంతా ఏదో ఒక హక్కు చేతిలో ఉన్నవారే. అడగడానికి వెళ్లిన బ్రాహ్మణ గుమస్తాలు కూర్చున్నదీ వారి అరుగుల మీదే.

పల్నాటి కథే చూడండి. అనుగురాజు ఉత్తరాది నుంచి వలస వచ్చిన రాజు. చందవోలు ఆడపడుచు మైలమదేవిని పెళ్లాడితే పల్నాడు అరణంగా వచ్చింది. ఆయన కొడుకుల్లో గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవుడిది. సవతి తల్లుల బిడ్డల మధ్య పంపకం తెగక కార్యమపూడి రణం దాకా పోయింది. నలగామరాజు పక్షాన నిలిచిన నాగమ్మ, మలిదేవుడి పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడు, వారి కోడిపందెం, అన్నిటి వెనుక ఉన్న మూల తగవు వారసత్వమే.

ఆ రణభూమే కారంపూడి. కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు అక్కడ వీరుల తిరునాళ్లు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊరూరి నుంచి ఆచారవంతులు తమ ఇంటి వీరుడి కొణతాలు, అంటే ఆయుధాలు, పట్టుకుని వస్తారు. ఏ కొణతం ఏ వీరుడిదో, అది పట్టే హక్కు ఏ కుటుంబానిదో వారికి తెలుసు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి వీరుడికీ ఇవాళ కొణతం పట్టిన మనిషికీ మధ్య ప్రతి తరం పేరూ చెప్పమంటే కష్టమే. కాని ఆ సంబంధాన్ని ఏటా నలుగురిలో చాటుకోవలసి ఉంటుంది కాబట్టి అది చెరగలేదు.

వంశాలు నోటికి పెట్టుకుని బతికినవారు మరికొందరున్నారు. పిచ్చుకగుంట్లవారు రెడ్ల, కమ్మవారి గడపలకు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు ఏకరువు పెట్టి సంభావన తీసుకునేవారు. భట్రాజులు దొరల వంశాలు పొగిడేవారు. ఇచ్చే చెయ్యి ఉన్నంతకాలమే ఆ విద్య సాగింది.

మళ్లీ మెకంజీ దగ్గరికి. 1812లో, అరవైకి దగ్గర పడ్డాక, జావాలో పెట్రోనెల్లా బార్టెల్స్ అనే డచ్చి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. 1821 మే 8న కలకత్తా దగ్గర పోయాడు. సమాధి కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది. ఆయన పోగుచేసిన వాటికి హెచ్.హెచ్. విల్సన్ 1828లో జాబితా అచ్చువేశాడు. స్థానిక చరిత్రలు 2,070, శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218. భార్య దగ్గర నుంచి కంపెనీ ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొస్తే ఆసియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ పడనివ్వలేదు. ఇంత పరిశోధన ఏ దేశీయుడి చేతా అయ్యేది కాదని ఆయన ఉద్దేశం. ఏళ్ల తరబడి ఆ కాగితాలన్నీ చేత్తో సర్దినవాడి గురించి అన్న మాట అది. తర్వాత సి.పి. బ్రౌన్ పూనుకుని, చివికిపోతున్న తెలుగు కైఫియత్తులకు మద్రాసులో శుద్ధప్రతులు రాయించకపోతే వాటిలో చాలా భాగం దక్కేది కాదు.

మెకంజీ వంశాన్ని వెతికినవారు కూడా ఇటువంటి కాగితాల మీదే నడిచారు. 1952లో లూయిస్ చరిత్రకారుడు డబ్ల్యూ.సి. మెకంజీ ఆయన జీవితం రాశాడు. తండ్రి జాడ పోస్టాఫీసు వల్ల, తన జాడ కస్టమ్స్ కొలువు వల్ల, కంపెనీ రికార్డుల వల్ల, పెళ్లి జాడ జావా చర్చి వల్ల నిలిచింది. లండను బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు దస్తరాల్లో ఇటు వచ్చిన తెల్లవారి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు, వీలునామాలు రాజధాని వారీగా ఉంటాయి. స్టోర్నవేలో అదే కాలంలో చేపలు పట్టి బతికిన గేలిక్ కుటుంబాల జాడ ఇంత తేలిగ్గా దొరకదు.

వలస వెళ్లిన తెలుగువారి విషయంలో ఇది తలకిందులైంది. ఊళ్లో ఏ కవిలెలోనూ లేని కూలిమనిషి పేరు ఓడెక్కగానే దస్తరంలో పడింది. ఫిజీకి 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూలీలను తరలించారు. ఒక్కొక్కరికీ ఒక పాసు. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చ. తోటల యజమానికి మనిషి పారిపోతే పట్టుకోవాలి కదా, అందుకు ఇంత శ్రద్ధ. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ వెళ్లినప్పటి నుంచీ అదే తీరు. ఇప్పుడు మునిమనవళ్లు ఆ పాసు నకలు పట్టుకుని తాతల ఊరు వెతుకుతున్నారు. గుమస్తా చెవికి సోకిన ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని వంకర్లు తిరిగిందో విప్పుకోవడమే వారికి పెద్ద పని.

ఇటు ఊళ్లో అడిగితే చెప్పడానికి కరణం లేడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసింది. దానితో గోపరాజు రామన్న దానానికి సర్కారు ముందు పని లేకుండా పోయింది. ఇవాళ నరసరావుపేట, గురజాల, మాచర్ల వైపు తమ వెనకటి తరాలు వెతికేవారికి మొదట దొరికేది ఆర్‌ఎస్‌ఆర్ అనే రీసెటిల్‌మెంట్ భూమి రిజిస్టరు. సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు పేరు, అదీ భూమి ఉన్న ఇంటికే.

భూమి లేని మాల, మాదిగ కుటుంబాల దారి వేరు. అది స్కాట్లాండు పేదవాడి దారికి దగ్గరగా ఉంటుంది, చర్చి పుస్తకం దాకా. అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాలకు మకాం మార్చాడు. అప్పటి నుంచి పల్నాటి పల్లెల్లో బాప్తిస్మం పొందిన వారి పేర్లు మిషను పుస్తకాలకెక్కడం మొదలైంది. అంతకు వెనక్కి పోవాలంటే మాటల్లో, పాటల్లో వెతుక్కోవాలి. ఆ పాట కాపాడిన వీరవిద్యావంతులు మాలవారే. 1970ల్లో కారంపూడి వచ్చిన పరిశోధకుడు జీన్ రోఘైర్‌కు పల్నాటి కథ పాడి వినిపించిన అలిసెట్టి గాలెయ్య ఆ పరంపరలోని వాడు. బ్రహ్మనాయుడు కొడుకుగా చేపట్టిన మాల కన్నమదాసు కథ కూడా అందులో ఉంది. రోఘైర్ విన్న ఆ కథ 1982లో ఆక్స్‌ఫర్డులో పుస్తకంగా అచ్చయింది.